కుడికాలొక్కటి తప్ప

తాత కుడికాలికి ఎడమకాలి కంటే వయసు ఎక్కువ. ఇది తాత సొంత లెక్క. ఎడమకాలు ఊరికే నిలబడే కాలు, కుడికాలు పనిచేసే కాలు. నలభై ఏళ్ళు సాన బండి తొక్కి తొక్కి కుడిపిక్క రాయిలా బిగుసుకుపోయింది. దాని పక్కన ఎడమపిక్క, అన్నం సరిగ్గా పెట్టని ఇంట్లో పెరిగిన మేనల్లుడిలా ఉండేది. స్నానం చేసేటప్పుడు కూడా తాత కుడికాలి మీద రెండు చెంబులు పోసి ఎడమకాలికి ఒకటితో సరిపెట్టేవాడు.

బండి అంటే పెద్ద వాహనమేం కాదు. నాలుగు కాళ్ళ చెక్క చట్రం, దానికి నడుము ఎత్తులో పెద్ద చక్రం, చక్రం నుంచి పైనున్న సాన రాయికి ఒక తోలు బెల్టు, కింద వెడల్పాటి తొక్కుడు పలక. రాయి పైన మేకుకి వేలాడే నీళ్ళ డబ్బా. దాని అడుగున చిన్న బెజ్జం. అందులోంచి చుక్కా చుక్కా నీళ్ళు రాయి మీద పడుతుంటాయి. దాన్ని తోసుకుంటూ తాత పొద్దున్నే బయల్దేరేవాడు. "కత్తులు సానా... కత్తెర్లు సానా..." అని ఆయన అరిస్తే మూడో వీధిలో కుక్క లేచి సమాధానం చెప్పేది.

కత్తి చేతికివ్వగానే తాత ఆ ఇంటి గుట్టు విప్పేవాడు. "దీని మొనతో డబ్బాల మూతలు తీస్తున్నారు కదమ్మా?" అనేవాడు. ఆ ఇల్లాలు ఇంట్లోకి తిరిగి, "చూశారా, నేను చెప్తే వినరు!" అని మొగుడి మీద అరిచేది. తాత మాత్రం తనకేం సంబంధం లేనట్టు పలక తొక్కుతూ రాయి తిప్పుకునేవాడు.

తాతకి తెలిసిన చదువంతా ఒక్క మాటలో ఉంది. వేడెక్కనివ్వకూడదు. రాయి వేగం ఎక్కువై అంచు వేడెక్కిందంటే ఇనుము నీలంగా తిరుగుతుంది. నీలం తిరిగిన అంచు పైకి మెరుస్తుంది గానీ లోపల చచ్చిపోయినట్టే. అందుకే నెమ్మదిగా తొక్కాలి, నీళ్ళు ఆగకూడదు. ఈ సూత్రాన్ని ఆయన కత్తులతో ఆపలేదు. అమ్మమ్మకి కోపం వస్తే చెంబుతో నీళ్ళు తెచ్చి ముందు పెట్టేవాడు. "చల్లారు, అంచు మాడిపోతుంది" అనేవాడు. అమ్మమ్మ ఆ చెంబు ఎత్తి ఆయన కాళ్ళ దగ్గరే కుమ్మరించిన రోజులూ ఉన్నాయి.

జబ్బు కూడా ముందు బండి రూపంలోనే వచ్చింది. తొక్కడం ఆపాక కూడా పొట్టలో ఏదో దడదడలాడేది. చెయ్యి పెట్టి చూస్తే అక్కడ ఇంకో గుండె ఉన్నట్టు కొట్టుకునేది. రాయి అదురు ఒంట్లో మిగిలిపోయిందనుకున్నాడు. నడుము నొప్పి వస్తే వయసనుకున్నాడు. ఒకరోజు వీధి చివర టైలరమ్మ కత్తెర తెచ్చిచ్చింది. దాని మర విప్పి, రెండు రెక్కలూ విడదీసి, మొదటి రెక్క రాయికి ఆనించబోతుండగా వీపులోంచి కత్తి దిగినంత నొప్పి వచ్చింది. తాత చట్రం పట్టుకుని అలాగే కిందికి జారిపోయాడు.

ఆ కత్తెర గురించి కాస్త చెప్పాలి. టైలరమ్మది ఎడమచేతి వాటం. ఆమె కత్తెర కూడా ఎడమచేతిదే, రెక్కల వాలు అందరి కత్తెర్లకీ ఉన్నవైపు కాకుండా రెండోవైపు ఉంటుంది. తెలియనివాడు మామూలు కత్తెరలా అరగదీస్తే ఇక అది గుడ్డను కొయ్యదు, నములుతుంది. ఇరవై ఏళ్ళుగా ఆ వాలు తాత చేతికి తప్ప ఎవరికీ తెలియదు. ఆసుపత్రికి వెళ్ళేముందు తాత ఆ రెండు రెక్కల్నీ నూనె గుడ్డలో చుట్టి, మరను కాగితంలో మడిచి అలమారలో పెట్టాడు.

"వచ్చి పదునుపెడతా" అన్నాడు టైలరమ్మతో.

"నువ్వొచ్చేదాకా ఆగుతాలే బాబాయ్. ఎవడి చేతికీ ఇవ్వను" అంది ఆమె.

ఆసుపత్రిలో డాక్టరు ఒక కాగితం మీద గీతలు గీసి చెప్పాడు. గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం ఛాతీ దగ్గర్నుంచి పొట్ట దాకా ఉబ్బిపోయింది. సైకిల్ ట్యూబు పలచబడ్డచోట బుడగ లేచినట్టు. పగిలితే మనిషి దక్కడు. అందుకని లోపల కొత్త గొట్టం అమర్చాలి. అయితే ఆ నాళం పక్కల నుంచి చిన్నచిన్న పాయలు చీలి వెన్నుపాముకి రక్తాన్ని మోస్తుంటాయి. కొత్త గొట్టం వేస్తే వాటిలో కొన్ని మూసుకుపోతాయి. వెన్నుకి రక్తం చాలకపోతే కాళ్ళు పడిపోవచ్చు.

"రెండూనా?" అన్నాడు తాత.

"రెండూ పోవచ్చు, ఒకటే పోవచ్చు, ఏమీ కాకపోవచ్చు. ముందే చెప్పలేం."

తాత కూరగాయల దుకాణంలో బేరమాడినట్టు అన్నాడు. "అంత తప్పదనుకుంటే ఎడమది తీసుకోండి బాబూ. దాంతో నాకు పెద్ద పనిలేదు. కుడికాలొక్కటి తప్ప ఏదైనా పర్లేదు."

డాక్టరు నవ్వాడు. పక్కనున్న కూతురు నవ్వలేకపోయింది. అమ్మమ్మ మాత్రం, "నోట్లోంచి ఒక్క మంచిమాట రాదు కదా ఈ మనిషికి" అని మొహం తిప్పుకుంది.

ఆపరేషన్ గండం గడిచింది. తాత కళ్ళు తెరిచేసరికి నడుము దగ్గర వెన్నులోంచి ఒక సన్నటి గొట్టం బయటికొచ్చి పక్కన సంచిలోకి దిగుతోంది. వెన్నుపాము చుట్టూ ఉండే నీటిని కొంచెం కొంచెంగా తీస్తే ఒత్తిడి తగ్గి రక్తం లోపలికి వెళ్ళడానికి దారి దొరుకుతుందట. నర్సుకి చెప్పకుండా మంచం తల ఎత్తకూడదు, దించకూడదు, పక్కకి పొర్లకూడదు. గంటకోసారి ఆమె వచ్చి దుప్పటి తీసేది.

"తాతా, కాళ్ళు కదపండి."

తాత కుడిపాదాన్ని పలక తొక్కినట్టు కిందికీ పైకీ ఆడించేవాడు.

"రెండోది?"

"అదీ ఉందిలే అమ్మా, ఎక్కడికీ పోలేదు."

మూడు రోజులకి గొట్టం తీశారు. వారం దాటాక నడిపించారు. ఇంటికి పంపేటప్పుడు నర్సు కాగితం చేతికిచ్చి కూతురికీ, అమ్మమ్మకీ, తాతకీ వినపడేలా చెప్పింది. "బీపీ పైఅంకె నూటనలభైకి తగ్గకుండా చూడండి. వెన్నుకి రక్తం ఎక్కాలంటే ఆ మాత్రం తోపు ఉండాలి. పాత బీపీ బిళ్ళలు ఆపేశాం. మేం చెప్పేదాకా ఒక్కటి కూడా వెయ్యకూడదు. కాళ్ళు బరువనిపించినా, తిమ్మిరెక్కినా వెంటనే వచ్చెయ్యండి. రేపు చూద్దామనుకోవద్దు."

ముగ్గురూ తలూపారు. ముగ్గురిలో ఒకరి తల అబద్ధం ఆడింది.

కూతురు ఒక బీపీ మిషను కొనిచ్చి, ఒక నోటుపుస్తకం పెట్టి, పొద్దునా సాయంత్రం అంకె రాయమని చెప్పి పనికి వెళ్ళేది. అమ్మమ్మకి చత్వారం. తాత అంకె చదివితే ఆవిడ పెద్ద పెద్ద అక్షరాలతో రాసేది. మొదటిరోజు నూటయాభై రెండు. రెండోరోజు నూటయాభై ఆరు. తాత ఆ అంకెని చూసి చూసి బెంగపెట్టుకున్నాడు. పదేళ్ళుగా ఏ డాక్టరు చూసినా నూటయాభై అంటే కళ్ళు పెద్దవి చేశారు. ఇప్పుడేమో ఉండాలంటున్నారు! రాయి మరీ జోరుగా తిరుగుతోంది. లోపల కొత్త గొట్టం, కొత్త అంచు. ఈ జోరుకి వేడెక్కి నీలం తిరిగితే?

నర్సు పాపం చిన్నపిల్ల, దానికి రాయి సంగతేం తెలుసు అనుకున్నాడు.

తాత మరలూ మేకులూ దాచుకునే రేకుడబ్బాలో పాత బీపీ బిళ్ళలు ఒక అట్ట మిగిలింది. అమ్మమ్మ నీళ్ళు కాచడానికి వెళ్ళినప్పుడు ఒకటి మింగాడు. సాయంత్రానికి అంకె నూటముప్పై. అంచు మీద నీళ్ళు పోస్తే 'సుయ్‌'మన్నప్పుడు కలిగే తృప్తి కలిగింది తాతకి.

"ఎంతుంది?" అంది అమ్మమ్మ, పెన్సిలు పట్టుకుని.

"నూటనలభై ఎనిమిది. రాసుకో."

మర్నాడు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మింగాడు. ఆ సాయంత్రం మిషను నూటపది చూపిస్తే, "నూటయాభై" అని చెప్పి పడుకున్నాడు.

తెల్లవారింది. పాలవాడి సైకిలు గంట వినపడింది. తాత లేవబోయాడు.

"ఏమే, నా కాళ్ళమీద ఎవరు కూర్చున్నారు?"

"ఎవరూ లేరు. పొద్దున్నే సరసాలా?"

"లేదే. కాస్త చూడు. ఏదో బరువు పెట్టారు."

అమ్మమ్మ దుప్పటి లాగింది. కాళ్ళు రెండూ ఖాళీగా, బుద్ధిగా పక్కపక్కనే ఉన్నాయి. ఆవిడ కుడి బొటనవేలు గిల్లింది. తాత ఆవిడ మొహాన్నే చూస్తున్నాడు తప్ప గిల్లినట్టు ఆయనకి తెలియలేదు. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

ఆసుపత్రిలో మిషను తొంభై నాలుగు చూపించింది. అదే నర్సు నోటుపుస్తకం తిరగేసి, అందులో నూటయాభైలు చూసి, అమ్మమ్మ వైపు తిరిగింది.

"ఏం మందులిచ్చారు? నిజం చెప్పండి. పాత బిళ్ళలు కలిపేశారా?"

"అయ్యో, ఒట్టు తల్లీ! కాగితంలో ఉన్నవే ఇచ్చాను. రంగులు చూసే ఇచ్చాను" అంది అమ్మమ్మ.

"కళ్ళు సరిగ్గా కనపడకపోతే ఇంకొకర్ని అడగాలి కదా! ఆయన కాళ్ళండీ ఇవి!"

అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిజంగానే తనవల్లేనేమో, ఏ తెల్లబిళ్ళ బదులు ఏ తెల్లబిళ్ళ ఇచ్చానో అని ఆవిడ వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాయి. తాత పైకప్పు వైపు చూశాడు. ఊరుకుంటే ఇంకెవరికీ తెలియదు. రేకుడబ్బా ఇంట్లో మంచం కింద ఉంది. ఊరుకోవడానికి సరిపడా వ్యవధి కూడా ఉంది. ఆ వ్యవధిలో ఆయనకి అమ్మమ్మ వేళ్ళు కనపడ్డాయి.

"దాన్నేం అనకండి" అన్నాడు. "వేసుకున్నది నేను. మూడు బిళ్ళలు. అంకె కూడా నేనే తప్పు చెప్పాను."

"ఎందుకు తాతా?" నర్సు గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ.

"చల్లార్చడానికమ్మా. వేడెక్కిపోతుందనుకున్నా."

డాక్టరు తిట్టలేదు. "చెప్పి మంచిపని చేశారు. ఇప్పుడేం చెయ్యాలో తెలిసింది" అని గబగబా పనులు పురమాయించాడు. బీపీని పైకి లేపే మందు చేతి నరంలోకి ఎక్కించారు. వెన్నులో మళ్ళీ గొట్టం పెట్టారు. ముక్కుకి ఆక్సిజన్. రక్తం తక్కువుందని ఒక సీసా రక్తం. తాత కదలకుండా వెల్లకిలా పడుకుని అంకె ఎక్కడాన్ని చూస్తున్నాడు. నూటపది. నూటఇరవై అయిదు. నూటయాభై. మొన్న ఏ అంకెని చూసి భయపడ్డాడో ఇప్పుడదే చుట్టంలా వస్తుంటే కళ్ళప్పగించి ఎదురుచూశాడు.

అమ్మమ్మ నర్సు వెళ్ళేదాకా గోడవారనే నిలబడింది. ఆ తర్వాత మంచం పక్కకి వచ్చి మెల్లగా అంది. "పెళ్ళైనప్పట్నుంచీ నా కోపం మీద నీళ్ళు పోశావు. పోనీలే, పిచ్చిమనిషి అనుకున్నా. ఇప్పుడు నీ ఒంటిమీద కూడా నువ్వే పోసుకోవాలా?"

"తిట్టవే. గట్టిగా తిట్టు."

"తిట్టను. అది కూడా నీకు దక్కనివ్వను."

ఆ మధ్యాహ్నమే ఎడమమోకాలు కదిలింది. సాయంత్రానికి ఎడమపాదం పూర్తిగా మాట వినడం మొదలుపెట్టింది. కుడితొడకి రెండోరోజు కాస్త బలం వచ్చింది. కుడిపాదం మాత్రం రాలేదు. నర్సు గంటగంటకీ వచ్చి దుప్పటి తీసేది. తాత కళ్ళు మూసుకుని, పలక మీద పాదం పెట్టి తొక్కేవాడు. తొక్కుతున్నాననే అనిపించేది. చక్రం తిరిగేది, బెల్టు కిర్రుమనేది, మూడో వీధిలో కుక్క లేచేది.

"తొక్కాను కదా అమ్మా?"

నర్సు దుప్పటి కప్పుతూ, "ఇంకోసారి చూద్దాం తాతా" అనేది.

అయిదోరోజు తాత కూతుర్ని పిలిచి గుట్టుగా చెప్పాడు. "నేను ఎడమది తీసుకోమన్నా కదా, దేవుడు విన్నాడే. కాకపోతే నాకు ఎదురుగా నిలబడి విన్నాడు. ఎదురుగా ఉన్నవాడికి నా కుడికాలు ఎడమవైపు కదా కనిపిస్తుంది. ఆయన తప్పేం లేదు."

కూతురు ఈసారి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ బయటికి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది.

ఆ తర్వాత రెండు నెలలు పెద్ద చదువు. మూత్రం సంచి వెంట తిప్పుకోవడం ఒక చదువు. ఆ సంచిని తాత "మా ఆఫీసు బ్యాగు" అనేవాడు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పించుకోవడం, పుండ్లు పడకుండా మడమలు చూపించుకోవడం ఇంకో చదువు. కసరత్తు చేయించడానికి ఒకాయన వచ్చేవాడు. ప్రతిదీ పదిసార్లు లెక్కపెట్టేవాడు కాబట్టి తాత ఆయనకి లెక్కల మాస్టారు అని పేరు పెట్టాడు. మాస్టారి దయవల్ల కూర్చోవడం వచ్చింది. సంచి పోయింది. నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకుని, కుడిపాదం వేలాడకుండా ప్లాస్టిక్ పట్టీ కట్టుకుని, గది నుంచి వరండా దాకా నడవడం వచ్చింది.

"నాకు నాలుగు కాళ్ళు, ఆ బండికి నాలుగు కాళ్ళు. ఇద్దరం వరండాలోనే" అన్నాడు తాత.

వరండాలో సాన బండి గోనెపట్టా కప్పుకుని నిలబడి ఉంది. దాని పక్కనే ఆయన కుర్చీ. పొద్దున్నే అందులో కూర్చుంటే ఇక ఆయన అక్కడ ఉండేవాడు కాదు. ఎండ గుమ్మంలోకొస్తే, "ఈపాటికి పాల కేంద్రం దగ్గరుండేవాణ్ణి" అనేవాడు. బడిగంట వినపడితే, "ఇప్పుడు మెట్లిల్లు. ఆ ఇంటావిడ కత్తి ఇవ్వదు, కబుర్లే చెప్తుంది" అనేవాడు. ఎవరి కత్తులు ఎంత మొద్దుబారి ఉంటాయో ఆయనకి తేదీలతో సహా తెలుసు. ఆ ఇళ్ళల్లో ఉల్లిపాయలు ఎలా నలుగుతున్నాయో తలచుకుని బాధపడేవాడు. అమ్మమ్మ వింటూ బియ్యం ఏరుకునేది. ఒక్కోసారి, "మెట్లిల్లు అయిపోయిందా? అయితే కాఫీ తాగు" అనేది.

ఒకరోజు వీధిలో కొత్త కేక వినపడింది. కరెంటు సాన రాయి పెట్టుకున్న కుర్రాడెవరో మోటరు బండి మీద వస్తున్నాడు. తాత మొహం గోడవైపు తిప్పుకున్నాడు. కాసేపటికి టైలరమ్మ వచ్చింది. ఆమె ఎడమబొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. అలవాటులేని చేత్తో, మామూలు కత్తెరతో కోస్తే ఆ మాత్రం కోసుకోవడం ఖాయమే.

"ఇన్నాళ్ళు ఆగావు చాలు. అలమారలో ఉంది, తీసుకెళ్ళి వాడికియ్యి" అన్నాడు తాత.

"అడిగాను బాబాయ్. ఎడమచేతి కత్తెర అంటే నవ్వాడు. అలాంటిది కూడా ఉంటుందా అన్నాడు. నవ్వినవాడికి నేనివ్వను."

ఆమె వెళ్ళాక తాత గోనెపట్టా తియ్యమన్నాడు. స్టూలు వేయించుకుని రాయి ముందు కూర్చున్నాడు. నూనె గుడ్డ విప్పి ఒక రెక్క చేతిలోకి తీసుకున్నాడు. ఎడమపాదం పలక మీద పెట్టి తొక్కాడు. చక్రం సగం తిరిగి ఆగింది. మళ్ళీ తొక్కితే వెనక్కి తిరిగింది. ఎడమకాలికి బలం ఉంది గానీ ఎప్పుడు దిగాలో, ఎప్పుడు లేవాలో తెలియదు. నలభై ఏళ్ళు పక్కనే నిలబడి చూసినా అది ఏమీ నేర్చుకోలేదు. పదోసారి రాయి ఎదురు తిరిగి రెక్కని చేతిలోంచి ఎగరగొట్టింది.

తాత వంగి తీసుకోలేకపోయాడు. నేలమీద పడ్డ ఆ రెక్క వైపు చూస్తూ కూర్చున్నాడు.

అమ్మమ్మ వచ్చి రెక్క తీసి, కొంగుతో తుడిచి, ఆయన చేతిలో పెట్టింది. డబ్బాలో నీళ్ళు పోసింది. చీర కాస్త పైకి దోపుకుని ఆయన కుడిపక్కన నిలబడి పలక మీద ఎడమపాదం పెట్టింది.

"నీకు చేతకాదే."

"నీకు చేతనైందా?"

ఆవిడ తొక్కింది. నలభై ఏళ్ళు ఆ చప్పుడు ఇంట్లో విన్న చెవులు ఆవిడవి. మొదట రెండుసార్లు తడబడినా, మూడోసారి చక్రం దారిన పడింది. నీళ్ళు చుక్కా చుక్కా పడ్డాయి. తాత రెక్కని రెండోవైపు వాల్చి రాయికి ఆనించాడు. జుయ్‌మంటూ చప్పుడు వరండా అంతా నిండింది.

"మెల్లగా తొక్కు. వేడెక్కుతుంది" అన్నాడు అలవాటుగా.

అమ్మమ్మ ఆయన్ని ఒక చూపు చూసింది. "ఆ మాట ఇంకోసారి నీ నోట్లోంచి వచ్చిందంటే నేను కాలు తీసేస్తా."

తాత నోరు మూసుకున్నాడు. రెండు రెక్కలూ అయ్యాయి. మర బిగించి, తడిపిన పాతగుడ్డ ముక్కని ఎడమచేత్తో కోసి చూశాడు. మొన దాకా చప్పుడు లేకుండా దిగింది. కత్తెరని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అయిందా? ఆపనా?" అంది అమ్మమ్మ.

తాత రెండు చేతులతో కుడితొడ పట్టుకుని ఎత్తి, పట్టీ కట్టిన ఆ పాదాన్ని తెచ్చి ఆవిడ పాదం మీద పెట్టాడు.

"అబ్బ, బరువు! తియ్యి, నా వేళ్ళు నలుగుతున్నాయి."

"ఉండనీవే. ఆపకు."

ఆవిడ పాదం లేస్తే ఆయన పాదం లేచింది. ఆవిడది దిగితే ఆయనది దిగింది. రాయి మీద ఏ కత్తీ లేదు. ఊరికే తిరుగుతోంది. తాత కళ్ళు మూసుకున్నాడు.

"ఎక్కడున్నావిప్పుడు?" అంది అమ్మమ్మ.

"పాల కేంద్రం దాటాను. మెట్లింటి దాకా వెళ్ళొచ్చేస్తా."

"తొందరగా రా. నా కాలు లాగేస్తోంది" అని ఆవిడ తొక్కుతూనే ఉంది.